27 దేశాలకు ఒకే విదేశాంగ విధానం ఎలా కుదురుతుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

2025 జులై 18న ఐరోపా సమాఖ్య రష్యాపై 18వ విడత ఆంక్షలు ప్రకటించింది. గుజరాత్‌లో వాడినార్ చమురుశుద్ధి కర్మాగారాన్ని నడిపే నయారా ఎనర్జీ పేరు కూడా ఆ జాబితాకెక్కింది. ఆ కంపెనీలో దాదాపు సగం వాటా రష్యా సంస్థ రాస్‌నెఫ్ట్‌ది. ఎక్కడో బ్రసెల్స్‌లో తీసుకున్న నిర్ణయం ఇక్కడి కంపెనీ దాకా ఎలా వచ్చిందని, అసలు 27 ప్రభుత్వాలు ఒక మాట మీదికి ఎలా వస్తాయని చాలామంది రాశారు. వాటిలో కొన్ని ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ఐరోపా సమాఖ్యకు విదేశాంగ మంత్రి లాంటి పదవి ఉందంటారు. అయినా ఫ్రాన్స్, జర్మనీ మంత్రులు ఎవరి మాట వాళ్లు మాట్లాడుతూనే ఉంటారు. ఎవరి మాటను సమాఖ్య మాటగా తీసుకోమని పిల్లలకు చెప్పాలి?
— రాజనీతిశాస్త్ర అధ్యాపకురాలు, తెనాలి

జవాబు: ఆ పదవి పేరు 'ఉన్నత ప్రతినిధి'. 2004లో రాసుకున్న రాజ్యాంగ ఒప్పందంలో 'విదేశాంగ మంత్రి' అనే పేరే పెట్టారు. 2005లో ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ఓటర్లు ఆ ఒప్పందాన్ని తిరస్కరించారు. 2009 డిసెంబరు 1న అమల్లోకి వచ్చిన లిస్బన్ ఒప్పందంలో అధికారాలను దాదాపు అలాగే ఉంచి, పేరు మాత్రం మార్చారు. 2024 డిసెంబరు నుంచి ఎస్తోనియా మాజీ ప్రధాని కాయా కల్లాస్ ఆ పదవిలో ఉన్నారు.

విదేశాంగ మంత్రుల మండలి దాదాపు నెలకోసారి సమావేశమవుతుంది. దానికి అధ్యక్షత వహించేది, ప్రతిపాదనలు పెట్టేది ఆమే. 140కి పైగా దేశాల్లో, అంతర్జాతీయ సంస్థల దగ్గర కార్యాలయాలున్న విదేశాంగ సేవా విభాగం ఆమె కింద పనిచేస్తుంది. సమాఖ్య కార్యనిర్వాహక విభాగమైన ఐరోపా కమిషన్‌కు ఉపాధ్యక్షురాలు కూడా ఆమే. ఇన్ని ఉన్నా ఆమెకంటూ వేరే విధానం ఉండదు. 27 ప్రభుత్వాలు ఒప్పుకున్నంత వరకే ఆమె సమాఖ్య తరఫున మాట్లాడగలరు. వాణిజ్య విధానంలో సభ్యదేశాలు అధికారాన్ని సమాఖ్యకే అప్పగించేశాయి. విదేశాంగంలో అప్పగించలేదు, కలిసి నడుద్దామని ఒప్పందం చేసుకున్నాయి, అంతే. ఈ తేడా ముందే చెబితే పిల్లలకు మిగతాదంతా సులువవుతుంది.

తరగతిలో పనికొచ్చే కిటుకు ఒకటుంది. బ్రసెల్స్ నుంచి వచ్చే ప్రకటనల శీర్షిక చదివించండి. 'సమాఖ్య తరఫున ఉన్నత ప్రతినిధి ప్రకటన' అని ఉంటే 27 దేశాలూ ఒప్పుకున్నాయని అర్థం. 'ఉన్నత ప్రతినిధి ప్రకటన' అని మాత్రమే ఉంటే అది ఆమె సొంత హోదాలో ఇచ్చినది. 'అధికార ప్రతినిధి ప్రకటన' అయితే దానికంటే ఒక మెట్టు కింద. 2021 మే 18న గాజా కాల్పుల విరమణపై 26 దేశాలు ఒప్పుకుని హంగరీ ఒప్పుకోనప్పుడు, అప్పటి ఉన్నత ప్రతినిధి జోసెప్ బొరెల్ చర్చ సారాంశాన్ని సభాధ్యక్షుడిగా తన మాటల్లో చెప్పాల్సి వచ్చింది. శీర్షికను బట్టే లోపల ఏం జరిగిందో తెలిసిపోతుంది.

ప్రశ్న: ఒక ఆంక్షల నిర్ణయం ఆలోచన నుంచి అమలు దాకా ఏయే మెట్లు ఎక్కుతుంది? పుస్తకాల్లో 'మంత్రుల మండలి ఏకగ్రీవంగా ఆమోదిస్తుంది' అని ఒక్క వాక్యమే ఉంటోంది.
— సివిల్స్ అభ్యర్థి, అశోక్‌నగర్, హైదరాబాద్

జవాబు: ఆ ఒక్క వాక్యం చివరి పది నిమిషాల సంగతి. అసలు పనంతా దానికి కొన్ని వారాల ముందే కింది గదుల్లో జరుగుతుంది.

సాధారణంగా కమిషన్, విదేశాంగ సేవా విభాగం ముందుగా సభ్యదేశాలను చిన్న చిన్న బృందాలుగా పిలిచి విడివిడిగా మాట్లాడతాయి. ఎవరికి ఎక్కడ నొప్పి పుడుతుందో కాగితం మీద పెట్టకముందే తెలుసుకోవడం దీని ఉద్దేశం. గ్రీసుకు ఓడలు, బెల్జియానికి వజ్రాలు, స్లొవేకియాకు గ్యాసు, ఇలా ఎవరి ఇబ్బందులు వాళ్లకుంటాయి. తర్వాత ముసాయిదా వస్తుంది. దాని రాజకీయ భాగాన్ని ఆ ప్రాంతం చూసే వర్కింగ్ గ్రూపు చర్చిస్తుంది. చట్టపాఠాన్ని మాత్రం 'రెలెక్స్' అనే సలహాదారుల బృందం వాక్యం వాక్యం పట్టి చూస్తుంది. ఒక వస్తువు కోడ్, ఒక మినహాయింపు గడువు, 'తెలిసి' అనే పదం ఉండాలా వద్దా, ఇవన్నీ తేలేది అక్కడే. దాని పైన రాజకీయ భద్రతా కమిటీ ఉంటుంది. ప్రతి దేశం నుంచి ఒక రాయబారి ఇందులో కూర్చుంటారు, మామూలుగా వారానికి రెండుసార్లు కలుస్తారు. ఆ పైన కోరెపర్ అనే శాశ్వత ప్రతినిధుల కమిటీ. అక్కడ కూడా తెగనిదే మంత్రుల ముందుకో, అధినేతల ముందుకో వెళుతుంది.

చివరికి వెలువడేది ఒక పత్రం కాదు, రెండు. పరీక్షల్లో చాలామంది తప్పు రాసేది ఇక్కడే. మొదటిది సమాఖ్య ఒప్పందం 29వ అధికరణ కింద మండలి నిర్ణయం. దీనికి ఏకగ్రీవం కావాలి. రెండోది సమాఖ్య పనితీరు ఒప్పందం 215వ అధికరణ కింద రెగ్యులేషన్. ఉన్నత ప్రతినిధి, కమిషన్ కలిసి ప్రతిపాదిస్తే దీన్ని ప్రత్యేక మెజారిటీతో (15 దేశాలు, జనాభాలో 65 శాతం) ఆమోదిస్తారు. రెండెందుకంటే, ప్రయాణ నిషేధం అమలు చేసేది ఆయా దేశాల వీసా అధికారులు, కాబట్టి దానికి మొదటి నిర్ణయం చాలు. ఆస్తుల స్తంభన, వాణిజ్య నిషేధం మాత్రం బ్యాంకులు, కంపెనీల మీద నేరుగా చట్టంలా పనిచేయాలి, అందుకు రెగ్యులేషన్ కావాలి. రెండూ అధికారిక గెజిట్‌లో 24 భాషల్లో అచ్చవుతాయి. పేర్లు ముందే బయటికి పొక్కితే ఆ మనుషులు డబ్బు మరో చోటికి తరలించేస్తారు. అందుకే అచ్చయిన రోజే, కాదంటే మర్నాడే అమల్లోకి తెస్తారు.

ఇందులో చాలా వేగమూ సాధ్యమే, చాలా ఆలస్యమూ సాధ్యమే. 2022 ఫిబ్రవరి 23 నుంచి మార్చి 2 లోపు మూడు విడతల ఆంక్షలు వచ్చాయి. ఉక్రెయిన్‌పై దాడికి ముందు వారాల్లోనే పాఠాలు సిద్ధం చేసుకోవడం వల్లే అది కుదిరింది. 18వ విడత మాత్రం 2025 జూన్ 10న ప్రతిపాదిస్తే జులై 18న గానీ తేలలేదు. స్లొవేకియా ఆపింది. దాని అభ్యంతరం ఆ విడతలోని అంశాల మీద కాదు, రష్యా గ్యాసు దిగుమతులను పూర్తిగా ఆపాలన్న వేరే ప్రతిపాదన మీద.

ఎక్కడ బెడిసికొడుతుందో కూడా రాసుకోండి. మొదటిది సాక్ష్యం. జాబితాలోకెక్కిన ప్రతి పేరుకూ కారణాల ప్రకటన ఉండాలి. ఆ వ్యక్తి లక్సెంబర్గ్‌లోని న్యాయస్థానానికి వెళ్లవచ్చు. విదేశాంగ విధానం మీద ఆ కోర్టుకు సాధారణంగా అధికారం లేకపోయినా, వ్యక్తుల మీద ఆంక్షల విషయంలో ఉంది. 2008లో కాదీ కేసు తీర్పు దీనికి పునాది: ఐక్యరాజ్య సమితి జాబితాను అనుసరించినా సరే, ఆ వ్యక్తికి కారణం చెప్పకుండా, వాదన వినకుండా ఆస్తులు స్తంభింపజేయడం కుదరదని కోర్టు అంది. 2023 మార్చిలో రష్యాకు చెందిన వాగ్నర్ కిరాయి సైన్యం అధిపతి తల్లి మీద ఆంక్షలను కూడా కొట్టేసింది. బంధుత్వం ఒక్కటే కారణంగా చాలదన్నది. నిఘా నివేదికలను కోర్టులో బయటపెట్టలేరు. అందుకే సాక్ష్యాల దస్త్రాన్ని ఎక్కువగా పత్రికా కథనాలు, కంపెనీ రికార్డుల వంటి బహిరంగ ఆధారాలతో కూరుస్తారు. ఆధారం బలంగా లేని పేరును రాజకీయ ఆవేశంలో చేర్చడం కంటే, నెల ఆగి గట్టిగా చేర్చడమే మేలని మేం నమ్ముతాం. కోర్టులో ఓడిపోయిన ప్రతి పేరూ ఆంక్షలన్నిటి పరువూ తీస్తుంది.

రెండోది గడువు. రష్యాపై ఆర్థిక ఆంక్షలను ఆరు నెలలకోసారి, జనవరి 31లోపు, జులై 31లోపు పొడిగించాలి. వ్యక్తుల జాబితాకు గడువు మార్చి 15, సెప్టెంబరు 15. పొడిగించిన ప్రతిసారీ ఏకగ్రీవం కావాలి, అంటే ప్రతిసారీ బేరానికి ఒక అవకాశం. 2025 మార్చిలో హంగరీ పట్టుబట్టి జాబితాలోంచి కొన్ని పేర్లు తీయించింది. మూడోది మినహాయింపులు. 2022 జూన్‌లో ఆరో విడతలో సముద్రం మీద వచ్చే రష్యా ముడి చమురును నిషేధించి, పైపులైన్ చమురును వదిలేశారు. రష్యా మతగురువు కిరిల్ పేరు కూడా హంగరీ కోరిక మీద అప్పుడే పోయింది. నాలుగోది అమలు. బ్రసెల్స్‌కు సొంత పోలీసులు లేరు, పట్టుకోవాల్సింది ఒక్కో దేశం. చాలాకాలం కొన్ని దేశాల్లో ఆంక్షల ఉల్లంఘన పెద్ద నేరమే కాదు. 2024 నాటి ఒక ఆదేశం దాన్ని అన్ని దేశాల్లో నేరంగా మార్చాలంది. సొంత చట్టాల్లో చేర్చుకోవడానికి ఇచ్చిన గడువు 2025 మే 20.

ప్రశ్న: నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టే లెక్కించే పద్ధతి నిజంగా ఉందా?
— జర్నలిజం విద్యార్థిని, తిరుపతి

జవాబు: ఉంది. మన దగ్గర మౌనం అర్ధాంగీకారం, అక్కడ పూర్తి అంగీకారం. ఒక పాఠాన్ని అన్ని రాజధానులకూ పంపి, 'రేపు మధ్యాహ్నం 12 గంటల లోపు అభ్యంతరం రాకపోతే ఆమోదించినట్టే' అని గడువు పెడతారు. 1973లో మొదలైన 'కోరెయు' అనే సందేశాల వ్యవస్థ ఇలాంటి సంప్రదింపుల కోసమే వచ్చింది. నాటోలోనూ ఇదే పద్ధతి. అభ్యంతరం ఉన్న దేశం 'మౌనం భంగం' చేస్తున్నామని రాతపూర్వకంగా చెబుతుంది. మర్యాద తెలిసినవాళ్లు 'మూడో పేరాలో ఈ మాట తీసి ఆ మాట పెడితే ఒప్పుకుంటాం' అని ప్రత్యామ్నాయం కూడా పంపుతారు. ఉత్త అభ్యంతరం పంపినవాళ్లకు తర్వాతి చర్చలో ఎవరూ సాయం చేయరు.

దెబ్బతినేది గడువు దగ్గర. మరీ తక్కువ సమయం ఇస్తే బ్రసెల్స్‌లోని ప్రతినిధికి సొంత రాజధాని నుంచి ఆదేశం అందదు. అందనప్పుడు ఆయన జాగ్రత్తకోసం అడ్డు చెబుతాడు. మరీ ఎక్కువ ఇస్తే, వార్త చల్లారిపోయాక ప్రకటన వెలువడుతుంది. మీరు వార్త రాసేటప్పుడు 'ఫలానా దేశం వ్యతిరేకించింది' అని తేల్చే ముందు, అది విధానపరమైన వ్యతిరేకతా, ఆదేశం అందక అడ్డు చెప్పడమా అని అడిగి చూడండి.

ప్రశ్న: పది లక్షల జనాభా కూడా లేని దేశం 45 కోట్ల మంది తరఫున తీసుకునే నిర్ణయాన్ని ఆపేయడం న్యాయమా? మెజారిటీ ఓటుకు ఎందుకు మారరు?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: మీరన్నది సైప్రస్ గురించే అయితే, 2020లో జరిగింది ఇదీ. బెలారస్‌లో ఎన్నికల మోసం, లాఠీలు, అరెస్టులు. అక్కడి అధికారులపై ఆంక్షలకు అందరూ సిద్ధం. సైప్రస్ ఆపింది. బెలారస్‌తో దానికి ఏ పేచీ లేదు. తన సముద్ర జలాల్లో గ్యాసు కోసం తవ్వుతున్న టర్కీపై కూడా చర్య తీసుకోమని అడిగింది. అక్టోబరు మొదట్లో అధినేతల సభలో రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడుకుని, టర్కీకి హెచ్చరికతో సరిపెట్టాక, దాదాపు 40 మంది బెలారస్ అధికారులపై ఆంక్షలు వచ్చాయి. ఈలోగా వారాలు గడిచిపోయాయి.

వీటోల చరిత్రలో ఎక్కువ భాగం ఇలాగే ఉంటుంది. అడ్డుపడే దేశానికి ఎదురుగా ఉన్న విషయంతో గొడవ ఉండదు. వేరే చోట ఇరుక్కున్న తన పని కోసం దీన్ని పట్టుకుంటుంది. 2017 జూన్‌లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల మండలిలో చైనాపై ప్రకటనను గ్రీసు ఆపినప్పుడు, అంతకు ముందు ఏడాదే పిరయస్ ఓడరేవులో చైనా కంపెనీ మెజారిటీ వాటా కొన్న సంగతి అందరికీ గుర్తుకొచ్చింది.

అయితే సైప్రస్ వైపు నుంచి కూడా చూడండి. ఆ దీవి ఉత్తర భాగంలో 1974 నుంచి టర్కీ సైన్యం ఉంది. జర్మనీకి విదేశాంగ విధానంలో ఒక ఓటమి అంటే ఒక ఓటమి, సైప్రస్‌కు అది సొంత నేల ప్రశ్న. వీటో వదులుకోమంటే ఏ చిన్న దేశమూ సులువుగా ఒప్పుకోదు. పైగా ఏకగ్రీవం నుంచి మెజారిటీకి మారడానికి ఒప్పందంలో దారి ఉన్నా, ఆ దారి తెరవడానికే ఏకగ్రీవం కావాలి.

ఈలోగా వాడదగిన పనిముట్లు కొన్ని ఉన్నాయి. ఒకటి, 31వ అధికరణలోని నిర్మాణాత్మక గైర్హాజరు. ఒక దేశం అధికారిక ప్రకటన చేసి ఓటుకు దూరంగా ఉంటే, ఆ నిర్ణయాన్ని తాను అమలు చేయనక్కర్లేదు, దానికి అడ్డు మాత్రం రాకూడదు. ఇలా దూరంగా ఉన్నవి మూడింట ఒక వంతు దేశాలై, జనాభాలోనూ మూడింట ఒక వంతు అయితే నిర్ణయం పడిపోతుంది. 2008లో కొసావోకు న్యాయ, పోలీసు సహాయ బృందాన్ని పంపేటప్పుడు సైప్రస్ దీన్ని మొదటిసారి వాడింది. ఉక్రెయిన్ సైనికులకు శిక్షణ ఇచ్చే 2022 నాటి బృందం విషయంలో హంగరీ వాడింది.

రెండు, ప్రత్యేక మెజారిటీ. అధినేతల మండలి ముందే ఏకగ్రీవంగా ఖరారు చేసిన వ్యూహం మీద నిర్ణయాలకు, అమలు నిర్ణయాలకు, ప్రత్యేక రాయబారి నియామకానికి ఇది చాలు. 15 దేశాలు, జనాభాలో 65 శాతం ఉండాలి. ఎవరైనా 'మా జాతీయ విధానానికి ప్రాణప్రదమైన కారణం' అని చెబితే ఓటింగ్ ఆగిపోతుంది. సైనిక, రక్షణ విషయాలకు ఈ దారి అసలే లేదు.

మూడు, వేరే అధికరణ వెతుక్కోవడం. 2025 డిసెంబరులో సమాఖ్యలో ఉన్న రష్యా కేంద్ర బ్యాంకు ఆస్తులు, దాదాపు 21,000 కోట్ల యూరోలు, ఆరు నెలలకోసారి పొడిగించే అవసరం లేకుండా స్తంభింపజేశారు. దానికి విదేశాంగ అధికరణ వాడలేదు, ఆర్థిక అత్యవసరాలకు ఉద్దేశించిన 122వ అధికరణ వాడారు. దానికి ప్రత్యేక మెజారిటీ చాలు. పని జరిగింది గానీ, ఇది అలవాటైతే ఏకగ్రీవం అనే హామీ మీద చిన్న దేశాలకున్న నమ్మకం పోతుంది.

మా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతాం. సైనికులను పంపే నిర్ణయానికి ఏకగ్రీవం ఉండాల్సిందే, చచ్చిపోయేది ఆ దేశం పిల్లలు. కొత్త ఆంక్షలకు కూడా ప్రస్తుతానికి ఉండనివ్వవచ్చు. కానీ ఒకసారి అందరూ ఒప్పుకున్న ఆంక్షలను పొడిగించడానికి మళ్లీ మళ్లీ ఏకగ్రీవం అడగడం అన్యాయం. లెక్క తిరగేయాలి: ఎత్తేయడానికే ఓటు కావాలి, కొనసాగడానికి అక్కర్లేదు. ఈ ఒక్క మార్పుతో ఆరు నెలలకోసారి జరిగే బేరం చాలావరకు ఆగిపోతుంది.

ప్రశ్న: మా కంపెనీ జర్మనీ నుంచి ఎలక్ట్రానిక్ భాగాలు కొంటుంది. ఈసారి ఒప్పందంలో 'రష్యాకు తిరిగి ఎగుమతి చేయరాదు' అనే షరతు పెట్టారు. మాది భారతీయ కంపెనీ, ఐరోపా చట్టం మాకెందుకు?
— దిగుమతుల మేనేజరు, బాలానగర్

జవాబు: చట్టం మీ మీద కాదు, మీకు అమ్మే వాళ్ల మీద. 2023 డిసెంబరులో వచ్చిన 12వ విడతలో, రష్యాపై ఆర్థిక ఆంక్షల చట్టమైన 833/2014 రెగ్యులేషన్‌కు '12జి' అనే అధికరణ చేర్చారు. 2024 మార్చి 20 నుంచి, కొన్ని రకాల సరుకును సమాఖ్య బయటికి అమ్మే ప్రతి ఎగుమతిదారూ ఆ షరతు పెట్టి తీరాలి. విమాన భాగాలు, విమాన ఇంధనం, తుపాకులు, యుద్ధరంగంలో దొరికిన రష్యా ఆయుధాల్లో తరచుగా కనిపించే 'అత్యధిక ప్రాధాన్య' వస్తువులు ఇందులోకి వస్తాయి. అమెరికా, బ్రిటన్, జపాన్, దక్షిణ కొరియా వంటి భాగస్వామ్య దేశాలకు మినహాయింపు ఉంది, ఆ జాబితాలో భారత్ లేదు. కాబట్టి అమ్మకందారును బతిమాలి ఈ షరతు తీయించలేరు. దాని మాటలు ఎలా ఉండాలన్నది మాత్రం మాట్లాడుకోవచ్చు.

ముందు సరుకు ఆరు అంకెల హెచ్ఎస్ కోడ్ (సరుకుల వర్గీకరణకు అన్ని దేశాలూ వాడే అంకె) చూడండి. మన ఎనిమిది అంకెల కోడ్‌లో మొదటి ఆరూ అవే. 8542తో మొదలయ్యే ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లు, 8482లోని కొన్ని బేరింగ్‌లు అత్యధిక ప్రాధాన్య జాబితాలో ఉన్నాయి. మీ సరుకు ఏ అనుబంధం కింద వస్తుందో అమ్మకందారునే రాతపూర్వకంగా అడగండి. జాబితాలో లేని సరుకుకు కూడా భయంకొద్దీ షరతు పెట్టేవాళ్లున్నారు.

కమిషన్ ఒక నమూనా షరతు ప్రచురించింది. మీ ఒప్పందంలోది దానికంటే కఠినంగా ఉంటే ఎందుకని అడిగే హక్కు మీకుంది. ముఖ్యంగా జరిమానా అంకె చూడండి. చట్టం 'తగిన పరిహారం' అంటుంది గానీ ఇంత అని చెప్పదు. ఒప్పందం రద్దు, సరుకు విలువలో కొంత శాతం జరిమానా మామూలు. అపరిమిత బాధ్యత అంటే సంతకం చేయకండి.

ఇక మీ లోపలి పని. 'నేరుగా గానీ పరోక్షంగా గానీ' అనే మాట షరతులో ఉంటుంది, అంటే మీ దగ్గర కొన్నవాడు పంపినా ప్రశ్న మీ దాకా వస్తుంది. బ్యాచ్ నంబరు వారీగా ఏ సరుకు ఏ కొనుగోలుదారుకు, ఏ ఉత్పత్తిలోకి వెళ్లిందో రిజిస్టరు ఉంచండి. తిరిగి అమ్ముతుంటే తుది వినియోగదారు ధ్రువపత్రం తీసుకోండి, అదే షరతును మీ ఇన్వాయిస్‌లోనూ పెట్టండి. కొత్తగా పుట్టిన కంపెనీ, వెబ్‌సైట్ లేదు, మూడో దేశం నుంచి చెల్లింపు, ధర అడగకుండా పెద్ద ఆర్డరు: ఇవి కనిపిస్తే ఆగండి. బెలారస్ విషయంలోనూ ఇలాంటి షరతే 2024లో వచ్చింది, కాబట్టి రెండు దేశాలకూ కలిపి చూసుకోండి. మన విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) పెట్టిన స్కోమెట్ అనే ఎగుమతి నియంత్రణ జాబితా వేరే విషయం. ఒకటి పాటిస్తే రెండోది పాటించినట్టు కాదు.

షరతు తప్పితే అమ్మకందారు తన దేశపు అధికారులకు చెప్పి తీరాలి. ఆ తర్వాత మీ పేరు ఆ రెగ్యులేషన్ నాలుగో అనుబంధంలోకి వెళ్లే ప్రమాదం ఉంది. అందులో ఉన్న కంపెనీకి ద్వంద్వ వినియోగ వస్తువులు (పౌర, సైనిక అవసరాలు రెంటికీ పనికొచ్చేవి) అమ్మడానికి ఐరోపా ఎగుమతిదారుకు అనుమతి దొరకడం దాదాపు అసాధ్యం. 2024 ఫిబ్రవరిలో 13వ విడతలో మొదటిసారి ఒక భారతీయ కంపెనీ అందులోకెక్కింది. నయారా పరిస్థితి ఇంతకంటే తీవ్రం, అది ఆస్తుల స్తంభన జాబితా.

ప్రశ్న: సొంత సైన్యం లేని సమాఖ్యకు 'భద్రతా విధానం' ఏమిటి? ఎర్ర సముద్రంలో ఐరోపా ఓడలు ఎవరి ఆజ్ఞ మీద తిరుగుతాయి?
— విశ్రాంత నౌకాదళ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: 1991లో యుగోస్లావియా ముక్కలవుతున్నప్పుడు ఐరోపా దగ్గర ప్రకటనలున్నాయి, పంపడానికి బలగం లేదు. 1998 డిసెంబరులో ఫ్రాన్స్, బ్రిటన్ సెయింట్ మాలోలో కూర్చుని, నాటో లేకుండా కూడా కదలగల శక్తి కావాలని ఒప్పుకున్నాయి. అక్కణ్నుంచి మొదలై 2003లో మొదటి బృందాలు బోస్నియాకు, మాసిడోనియాకు, కాంగోకు వెళ్లాయి.

మీరడిగిన ఓడలు 2024 ఫిబ్రవరి 19న మొదలైన 'ఆస్పిడెస్' ఆపరేషన్‌వి. దాని ప్రధాన కార్యాలయం గ్రీసులోని లారిసాలో ఉంది. సోమాలియా తీరంలో 2008 నుంచి నడుస్తున్న 'అటలాంటా'ది మొదట బ్రిటన్‌లోని నార్త్‌వుడ్‌లో ఉండేది, బ్రెగ్జిట్ వల్ల 2019లో స్పెయిన్‌లోని రోటాకు మారింది. ఆజ్ఞల వరుస ఇలా ఉంటుంది: మంత్రుల మండలి నిర్ణయం, రాజకీయ భద్రతా కమిటీ పర్యవేక్షణ, ఆపరేషన్ కమాండరు, సముద్రం మీద ఫోర్స్ కమాండరు. ఓడ మాత్రం ఆ దేశానిదే. ఆ దేశం ఎప్పుడైనా వెనక్కి పిలవవచ్చు, తన సిబ్బంది ఏం చేయకూడదో ముందే షరతులు పెట్టవచ్చు. ఆస్పిడెస్‌ది రక్షణ బాధ్యత మాత్రమే. వాణిజ్య నౌకలకు తోడు వెళుతుంది, వచ్చే క్షిపణిని, డ్రోన్‌ను కూలుస్తుంది, యెమెన్ నేల మీద దాడి చేయదు. యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారుల దాడులతో ఎర్ర సముద్రం దారి దాదాపు మూతపడటం వల్లే మన ఆంధ్ర తీరపు రొయ్యల కంటైనర్లు ఐరోపాకు ఆఫ్రికా కొనను చుట్టి, వారం పది రోజులకు పైగా ఆలస్యంగా చేరాల్సి వచ్చింది.

నిర్ణయం తర్వాత కష్టమైన మెట్టు బలగాల సేకరణ సమావేశం. బల్ల చుట్టూ కూర్చున్న సైనికాధికారులను 'ఎవరు ఏమిస్తారు?' అని అడుగుతారు. కాల్బలం దొరుకుతుంది. హెలికాప్టర్లు, ఫీల్డు ఆసుపత్రి, గాలిలో ఇంధనం నింపే విమానాలు అడిగితే గది నిశ్శబ్దమవుతుంది. కారణం ఖర్చు. 41వ అధికరణ ప్రకారం సైనిక కార్యకలాపాల ఖర్చును సమాఖ్య బడ్జెట్ నుంచి ఇవ్వకూడదు. ఉమ్మడి ఖర్చులు కొన్ని పంచుకున్నా, ఎవరి ఓడ ఇంధనం వాళ్లదే. అంటే ముందుకొచ్చినవాడికే భారం. 1,500 మంది చొప్పున 'బ్యాటిల్ గ్రూపులు' 2007 నుంచి సిద్ధంగా ఉన్నా వాటిని ఒక్కసారి కూడా పంపకపోవడానికి ఇదొక పెద్ద కారణం. 2021లో బడ్జెట్‌కు బయట ఐరోపా శాంతి నిధి పెట్టారు. జాతీయాదాయం నిష్పత్తిలో అందరూ వేస్తారు. 2022 ఫిబ్రవరి చివర్లో ఉక్రెయిన్‌కు మొదటి 50 కోట్ల యూరోల సాయం దీన్నుంచే వెళ్లింది. తర్వాత ఇదే నిధి నుంచి రావాల్సిన వందల కోట్ల యూరోలను హంగరీ వీటో ఆపేసింది.

ఇంట్లో అనుమతులు వేరు. జర్మనీకి పార్లమెంటు ఓటు కావాలి. ఐర్లండ్‌లో 12 మందికి మించి సైనికులను పంపాలంటే చాలాకాలంగా ఐక్యరాజ్య సమితి ఆమోదం, ప్రభుత్వ నిర్ణయం, పార్లమెంటు సమ్మతి మూడూ అడుగుతున్నారు. నాటోతో పొత్తు కూడా పైకి కనిపించినంత సాఫీ కాదు. 27లో 23 దేశాలు రెంటిలోనూ ఉన్నాయి. కానీ టర్కీ, సైప్రస్ గొడవ వల్ల రెండు సంస్థల మధ్య రహస్య పత్రాల మార్పిడి సరిగ్గా సాగదు.

ప్రశ్న: 'ఒకే గొంతు' అంటూనే గాజాపై ఐక్యరాజ్య సమితిలో ఐరోపా దేశాలు ఎందుకు చీలిపోయాయి?
— పాఠకుడు, అనంతపురం

జవాబు: 2023 అక్టోబరు 27న సాధారణ సభలో సంధి కోరే తీర్మానానికి 8 సభ్యదేశాలు అనుకూలంగా, 4 వ్యతిరేకంగా ఓటేశాయి, 15 దూరంగా ఉన్నాయి. సమాఖ్యకు అక్కడ ఓటు లేదు. 2011 తీర్మానం వల్ల మాట్లాడే హక్కు మాత్రం వచ్చింది. ఓటుకు ముందు న్యూయార్క్‌లోని సమాఖ్య కార్యాలయంలో సమన్వయ సమావేశాలు జరుగుతాయి, చాలా తీర్మానాలపై అక్కడే ఏకాభిప్రాయం కుదురుతుంది. ఇజ్రాయెల్, పాలస్తీనా విషయంలో కుదరదు. జర్మనీ తన నాజీ గతం నుంచి చూస్తుంది, ఐర్లండ్ వలస పాలన జ్ఞాపకం నుంచి చూస్తుంది. ఏ కమిటీ మెట్లూ ఆ దూరాన్ని తగ్గించలేవు. ఉమ్మడి విధానం బలం ఉమ్మడి ప్రయోజనం ఉన్నచోటే కనిపిస్తుంది. అది లేనిచోట గట్టి భాష రాయడానికి వారాలు ఖర్చుపెట్టకుండా, మానవతా సాయం వంటి ఒప్పుకోగల పని వెంటనే చేయడం మేలు.

ప్రశ్న: నేను భారత పౌరుడిని, మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఈ ఆంక్షలు నాకూ వర్తిస్తాయా?
— తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, మ్యూనిక్

జవాబు: వర్తిస్తాయి. సమాఖ్య నేల మీద ఉన్న ఎవరికైనా, ఎక్కడున్నా సమాఖ్య పౌరులకు, అక్కడ నమోదైన కంపెనీలకు, పూర్తిగానో కొంతగానో అక్కడ జరిగే వ్యాపారానికి ఆంక్షలు వర్తిస్తాయి. సెలవుకు గుంటూరు వచ్చినప్పుడు మీ సొంత పని ఈ పరిధిలోకి రాకపోవచ్చు, జర్మన్ కంపెనీ తరఫున చేసే పని మాత్రం వస్తుంది.

జాబితాలో ఉన్న సంస్థకు డబ్బు పంపడం ఒక్కటే కాదు, దానికి పనికొచ్చే ఏ ఆర్థిక వనరునైనా అందించడం నిషేధం. సాయంత్రం వేళ చేసే ఫ్రీలాన్స్ పని కూడా చిక్కు తేవచ్చు. జాబితాలో ఉన్న వ్యక్తికి సగమో అంతకు మించో వాటా ఉన్న కంపెనీని, దాని పేరు జాబితాలో లేకపోయినా, ఉన్నట్టే చూస్తారు. కాబట్టి కంపెనీ పేరుతో పాటు యజమానుల పేర్లూ వెతకండి. సమాఖ్య ఆర్థిక ఆంక్షల ఏకీకృత జాబితా, 'ఈయూ శాంక్షన్స్ మ్యాప్' రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వెతికిన తేదీతో ఒక ప్రతి దాచుకోండి. సందేహం తీరకపోతే, జర్మనీలో డబ్బు చెల్లింపుల విషయాలు ఆ దేశ కేంద్ర బ్యాంకు బుండెస్‌బ్యాంక్ చూస్తుంది. సరుకులు, సాంకేతిక సహాయం ఎష్‌బోర్న్‌లోని బాఫా అనే ఎగుమతుల నియంత్రణ కార్యాలయం చూస్తుంది. అనుమతి అవసరమైతే పని మొదలుపెట్టక ముందే అడగాలి.